ముందు తెరచాప: తెలుగు తీరపు నౌకాచరిత్రలో ఒక అధ్యాయం

తెలుగులో 'తెరచాప' అన్న మాటను విడదీసి చూస్తే ఒక చిన్న చరిత్ర కనిపిస్తుంది. తెర అంటే అడ్డుగా కట్టేది. చాప అంటే పరుచుకునేది. గాలికి అడ్డుగా కట్టిన చాప తెరచాప అయింది. తమిళనాడులో చదువుకుంటున్న మన విద్యార్థులు దీనికి జోడైన మాటను పొరుగు భాషలోనే వినవచ్చు. తమిళంలో 'పాయ్' అంటే చాప. తెరచాప కూడా 'పాయే'. ఓడకొయ్యను 'పాయ్‌మరం' అంటారు. రెండు భాషలూ ఒకే సంగతిని గుర్తుపెట్టుకున్నాయి. ఈ తీరంలో ఒకప్పుడు గాలిని పట్టింది నేసిన గుడ్డ కాదు, అల్లిన చాప.

తెరచాపల్లో ఒక్కదాన్ని గూర్చి ఈ వ్యాసంలో పరిశీలిద్దాం. ఓడకొయ్యకు ముందు, కొయ్య కొన నుంచి ఓడ ముందు కొసకు ఏటవాలుగా దిగే తాడు వెంట, త్రికోణంగా నిలిచే తెరచాప అది. ఇంగ్లీషులో దీన్ని హెడ్‌సెయిల్ అంటారు. అందులో ఒక రకం జిబ్. మనం 'ముందు తెరచాప' అందాం. దాన్ని పైకి ఎత్తటం ఒక పని. ఎత్తినదాన్ని తగిన మేరకు బిగించటం వేరొక పని. మొదటిదానికి బలం చాలు. రెండోదానికి గాలినీ గుడ్డనీ చదవగలిగిన కన్ను కావాలి. గాలికి ఎదురుగా ప్రయాణించే శక్తి ఓడలకు వచ్చింది ఈ రెండో పని వల్లనే.

నెమిలి, గుడియాత్తం, రాయవేలూరు ప్రాంతాల్లోని తెలుగువారికి సముద్రం కంటికి కనిపించే దూరంలో లేదు. కాని ఇక్కడి నీళ్ళన్నీ దాని దారి పట్టినవే. గుడియాత్తం మీదుగా పోయే కౌండిన్య చిత్తూరు జిల్లా కొండల్లో పుట్టి పాలారులో కలుస్తుంది. పాలారు సద్రాసుకు దక్షిణాన సముద్రాన్ని చేరుతుంది. నెమిలి పక్కగా సాగే కుశస్థలి ఎన్నూరు దగ్గర కడలిలో కలుస్తుంది. ఎన్నూరుకు కొంచెం ఉత్తరాన పులికాట్ ఉంది. ముందు తెరచాప కథకూ రాయవేలూరుకూ ఉన్న సంబంధం ఆ పులికాట్‌లోనే దొరుకుతుంది. అక్కడికి పోయేముందు అంతకు పూర్వపు స్థితిని చూడాలి.

గాలి తోసిన చోటికి

క్రీ.శ. 2వ శతాబ్ది చివరి భాగంలో పాలించిన శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి కాలపు నాణేలు కొన్నింటిమీద రెండు కొయ్యల ఓడ బొమ్మ ఉంది. తెలుగు తీరపు నౌకాయానాన్ని గూర్చి ఏ పుస్తకం రాసినా ఈ నాణెంతోనే మొదలుపెట్టటం ఆనవాయితీ. ఆ బొమ్మలో కొయ్యలున్నాయి, తాళ్ళున్నాయి. ముందు తెరచాప మాత్రం లేదు.

అజంతా 2వ గుహలోని ఒక కుడ్యచిత్రంలో పరిస్థితి వేరు. క్రీ.శ. 5, 6 శతాబ్దుల నాటిదిగా చెప్పే ఆ చిత్రంలో మూడు కొయ్యల ఓడ ఉంది. కొయ్యలకు నిలువుగా పొడవైన తెరచాపలున్నాయి. వాటికి తోడు ఓడ ముందు కొసన గాలికి ఉబ్బిన మరొక తెరచాప కనిపిస్తుంది. జావాలోని బోరోబుదూరు శిల్పాల్లో, 8, 9 శతాబ్దుల నాటి ఓడల ముందు భాగంలోనూ ఇటువంటి తెరచాప ఉంది. వీటిని చూసి జిబ్‌ను మనవారే కనిపెట్టారని చెప్పుకోవటానికి తొందరపడకూడదు. చిత్రకారుడు నావికుడు కాడు. అతడు గీసినది కథలోని ఓడ. ఆ ఓడ ఎవరిదో, ఏ రేవుదో చిత్రం చెప్పదు. కొయ్యకు ముందు ఒక తెరచాప ఉండటమనే సంగతి ఆ కాలపు దక్కనులో చిత్రకారుల కంటికి కొత్త కాదు అన్నంతవరకే దాని సాక్ష్యం.

మూడో సాక్ష్యం బొమ్మ కాదు, శాసనం. క్రీ.శ. 1244లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం అది. ఒక రేవుకు బయలుదేరిన ఓడలు గాలివానకు చెదిరి మరొక రేవులో పడితే, పూర్వపు రాజులు ఆ సరుకును బలవంతంగా లాగుకునేవారనీ, తాను మాత్రం నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ తీసుకోననీ గణపతిదేవుడు సముద్ర వర్తకులకు మాట ఇచ్చాడు. ఈ శాసనాన్ని సాధారణంగా వర్తక చరిత్రకు ఆధారంగా చదువుతాం. ఓడ నడిపేవాని వైపునుంచి కూడా దీన్ని చదవవచ్చు. గాలి తోసిన చోటికి పోవటం తప్ప మరొక దారిలేని ఓడలు ఈ శాసనం వెనుక ఉన్నాయి. వెనుకనుంచి వచ్చే గాలికి ఉబ్బే పెద్ద తెరచాప ఓడను ముందుకు నెట్టగలదు. గాలి ఎదురుతిరిగి తీరం వైపు తోస్తున్నప్పుడు మాత్రం ఆ తెరచాపతో ఓడను తీరానికి దూరంగా లాక్కుపోవటం కష్టం. అందుకే ఈ సముద్రంలో ప్రయాణాలకు ఋతుపవనాలే పంచాంగం. పోవటానికి ఒక గాలి, రావటానికి మరొక గాలి. నడుమ నెలల తరబడి రేవులో నిరీక్షణ.

ఎదురుగాలిలో ముందుకు సాగాలంటే తెరచాప ముందంచు చాకు అంచులాగా నిటారుగా, బిగువుగా ఉండాలి. అప్పుడు గాలి ఆ అంచు దగ్గర రెండుగా చీలి, తెరచాప వంపు మీదుగా జారుతూ, పక్షి రెక్కకు ఇచ్చినట్లే దానికి లాగుడు బలాన్ని ఇస్తుంది. అంచు వదులైతే రెక్క కాస్తా సంచి అవుతుంది. మన తీరపు నావల్లో వాలుకర్రకు కట్టే పెద్ద తెరచాపలు ఈ పనిని కొంతవరకు చేసేవి. తెరచాప ముందు మూలను నావ ముందు కొసకు లాగి కట్టి ముందంచును బిగించేవారు. ఇబ్బంది ఎక్కడంటే, గాలి ఈ పక్కనుంచి ఆ పక్కకు మారినప్పుడు బరువైన వాలుకర్రను తెరచాపతో సహా కొయ్యకు అవతలి పక్కకు తిప్పాలి. దానికి చాలామంది మనుషులు కావాలి. గాలి జోరులో ప్రమాదమూ ఎక్కువే. కొయ్యకు ముందు విడిగా నిలిచే త్రికోణపు తెరచాపకు ఈ బాధ లేదు. ఒక పక్క తాడు వదిలి రెండో పక్క తాడు లాగితే చాలు.

రాయల కోట, డచ్చి రేవు

ఆరవీటి వంశపు వెంకటపతిదేవరాయలు 17వ శతాబ్ది మొదటి దశకంలో తన రాజధానిని వేలూరు కోటకు మార్చాడు. తెలుగువారి నోట ఆ ఊరు రాయవేలూరు అయింది ఆ రాయల మూలాన. విజయనగరపు చివరి ఘట్టంగా మాత్రమే మనం చెప్పుకునే ఈ కొలువు తీరప్రాంత చరిత్రలో ఒక మలుపుకు కారణమైంది. 1610లో డచ్చివారు పులికాట్‌లో వర్తకం చేసుకోవటానికి వెంకటపతిరాయల అనుమతి పొందారు. 1613 నాటికి అక్కడ గెల్డ్రియా అనే కోట వెలిసింది. కోరమాండల్ తీరమంతటా డచ్చి వర్తకానికి అదే కేంద్రమైంది. తెలుగు, తమిళ ప్రాంతాల్లో నేసిన బట్టలు పులికాట్ మీదుగా తూర్పు దీవులకు పోయాయి. ఆ బట్టలు మోసిన ఓడల మీద ముందు తెరచాప ఎదుగుతున్న కాలం కూడా అదే.

డచ్చి దేశం కాలువల దేశం. ఇరుకు నీళ్ళలో, మారే గాలిలో పడవను ఇద్దరు ముగ్గురు మనుషులతో నడపవలసిన అవసరం అక్కడివారికి ఉండేది. అందుకని కొయ్యను ముందుకు నిలబెట్టే తాడునే ఆధారం చేసుకుని, దాని వెంట త్రికోణపు తెరచాపను ఎత్తే పద్ధతి చిన్న పడవల్లో ముందుగానే స్థిరపడింది. వేగంగా పోయే తేలికపాటి ఓడను వారు 'యాఖ్ట్' అనేవారు. వేట అని ఆ మాటకు అర్థం. డచ్చి ఈస్టిండియా కంపెనీ ఓడల్లో ఈ తరగతి ఓడలు చాలా ఉండేవి. 1660లో డచ్చివారు ఇంగ్లండు రాజు రెండో ఛార్లెస్‌కు 'మేరీ' అనే యాట్‌ను కానుకగా ఇచ్చిన తర్వాత, ఈ మాట ఇంగ్లీషులో విహారనౌకకు పేరుగా పాతుకుపోయింది. నేడు మనం యాట్ అంటున్నది ఈ మాటనే. పెద్ద ఓడల సంగతి కొంత ఆలస్యం. 1610 నాటి పెద్ద ఓడలు ముందుకు సాగిన కర్ర కింద ఒక నలుచదరపు తెరచాపను వేలాడదీసేవి. ఆ స్థానాన్ని త్రికోణపు జిబ్‌లు ఆక్రమించుకోవటం 17వ శతాబ్ది చివరినుంచి 18వ శతాబ్దిలో జరిగింది.

మదరాసు కథ కూడా ఈ కొలువుతో ముడిపడినదే. 1639లో దామర్ల వెంకటాద్రి నాయకుడు ఇంగ్లీషువారికి మద్రాసుపట్నంలో కోట కట్టుకోవటానికి అనుమతి ఇచ్చాడు. 1645లో శ్రీరంగరాయలు దాన్ని స్థిరపరిచాడు. వెంకటాద్రి తండ్రి దామర్ల చెన్నప్ప పేరుమీద చెన్నపట్నం వెలిసింది. అయితే ఆ పట్నానికి ఓడరేవు లేదు. ఓడలు దూరాన లంగరు వేసుకునేవి. మనుషులూ సరుకులూ అలలు దాటి ఒడ్డుకు చేరింది మసూలా పడవల మీద. ఒక్క మేకు లేకుండా పలకలను కొబ్బరిపీచు తాటితో కుట్టిన పడవలవి. తెడ్లతో నడిచేవి. ఒకే తీరంలో, ఒకే రోజున, దూరాన జిబ్ దించుతున్న ఓడా, దగ్గర కుట్టుపడవా కనిపించేవన్నమాట. కొత్తది వచ్చినంత మాత్రాన పాతది పోలేదు. ఎవరి పని వారికి ఉంది.

కోరంగి వడ్రంగులు

జిబ్ కట్టిన ఓడలను తెలుగువారు చూడటమే కాదు, కట్టారు కూడా. గోదావరి సముద్రంలో కలిసేచోట, యానానికి దగ్గరలో ఉన్న కోరంగి 18వ శతాబ్ది చివరా 19వ శతాబ్ది మొదటా ఓడల నిర్మాణానికీ మరమ్మతుకూ పేరుపొందిన రేవు. ఐరోపా పద్ధతి కొయ్యలూ తెరచాపలూ ఉన్న ఓడలు అక్కడ తయారయ్యాయి. ఆ కాలంలోనే పాత పద్ధతి దోనెలూ తీరమంతా తిరుగుతుండేవి. 1834లో జాన్ ఎడై అనే ఇంగ్లీషు నౌకానిర్మాత ఈ తీరపు దోనెను వర్ణిస్తూ దాని కొలతలు ఇచ్చాడు: పొడవు సుమారు 70 అడుగులు, వెడల్పు 20, లోతు 12. ఆయనకు అది ఏమాత్రం నచ్చలేదు. కాని లోతు తక్కువైన మొగల్లోకి, ఇసుక మేటల మీదుగా చొరబడగలిగిన అడుగు దానిది. దాన్ని మొరటు పని అనటంకంటే ఆ నీళ్ళకు తగిన పని అనటం న్యాయం.

కోరంగి ఎక్కువకాలం నిలవలేదు. 1789 డిసెంబరులో వచ్చిన తుఫానులో సముద్రం మూడుసార్లు ఉప్పొంగి ఊరిని ముంచింది. 1839 నవంబరు తుఫాను మిగిలినదాన్ని తుడిచిపెట్టింది. బంగాళాఖాతపు తుఫానులను పరిశీలించిన హెన్రీ పిడింగ్‌టన్ 1848లో వెలువరించిన నావికుల పుస్తకంలో 'సైక్లోన్' అనే మాటను ప్రవేశపెట్టాడు. ఆయన పరిశీలించిన వాటిలో కోరంగి తుఫాను ఒకటి. తర్వాత నదీముఖం మేట వేసింది, ఆవిరి ఓడలు వచ్చాయి. కోరంగి పేరు బర్మాలో మరొక విధంగా మిగిలింది. బతుకుతెరువుకు ఆ దేశం పోయిన తెలుగు కూలీలను అక్కడ 'కోరంగీలు' అన్నారు.

తెరచాప ఓడలు కట్టే పని ఈ సముద్రంలో 20వ శతాబ్ది దాకా సాగిందనటానికి పొరుగున ఒక ఉదాహరణ ఉంది. యాళ్పాణం దగ్గరి వల్వెట్టితురైలో తమిళ వడ్రంగులు కట్టిన 'అన్నపూరణి అమ్మాళ్' అనే రెండు కొయ్యల ఓడ 1937లో అక్కడినుంచి బయలుదేరి, 1938 ఆగస్టులో అమెరికాలోని గ్లౌస్టర్ రేవు చేరింది.

ఈ ఓడల మీద కళాసీలు మాట్లాడిన భాష ప్రత్యేకంగా చెప్పుకోదగినది. హిందుస్థానీ, ఫారసీ, అరబ్బీ, పోర్చుగీసు, ఇంగ్లీషు మాటలు కలగలిసిన ఆ భాషను లస్కరీ అన్నారు. థామస్ రోబక్ 1811లో దానికొక నిఘంటువు ప్రకటించాడు. తెరచాప కింది మూలను లాగి పట్టే తాటిని అందులో దామన్ అంటారు. ఫారసీలో ఆ మాటకు చెరగు అని అర్థం. ముందు కొయ్య త్రికట్. అది పోర్చుగీసు మాట. జిబ్ మాత్రం ఇంగ్లీషుదే. హిందుస్థానీ చెవికి అది నాలుక అనే అర్థమిచ్చే 'జీభ్' లాగా వినిపిస్తుంది. ఓడ ముందుకు చాచిన తెరచాపకు ఆ పోలిక చక్కగా అతుకుతుంది. తెలుగులోకి వచ్చిన చుక్కాని అరబ్బీ సుక్కాన్ నుంచి, లంగరు ఫారసీనుంచి, సరంగు కూడా ఫారసీనుంచి వచ్చినవే. వీటి పక్కనే మోకు, తెరచాప, తెడ్డు అనే మన మాటలు నిలిచాయి. అరువు మాట తెచ్చుకోవటానికి కళాసీ సిగ్గుపడలేదు. సొంత మాట ఉన్నచోట దాన్ని వదులుకోనూ లేదు.

ఎత్తటం, బిగించటం

ఆ కళాసీలు చేసిన పని ఎటువంటిదో తెలుసుకోవాలంటే నేటి యాట్ మీద దాన్ని చూడవచ్చు. సరంజామా మారింది, సూత్రం మారలేదు.

యాట్‌కు సాధారణంగా ఒకే కొయ్య ఉంటుంది. కొయ్య పైభాగం నుంచి ఓడ ముందు కొసకు ఒక ఉక్కు తాడు దిగుతుంది. దీన్ని ఫోర్‌స్టే అంటారు. మనం ముందుమోకు అనవచ్చు. ముందు తెరచాపకు మూడు మూలలు. ముందు కింది మూలను ఓడ ముందు కొసన కొక్కేనికి తగిలిస్తారు. ముందంచు పొడవునా ఉన్న కొక్కేలను కిందినుంచి వరుసగా ముందుమోకుకు తగిలిస్తారు. పై మూలకు ఎత్తుతాడు కడతారు. ఇంగ్లీషులో ఇది హాలియార్డ్. ఈ తాడు కొయ్య మీది కప్పీ గుండా పోయి కిందికి వస్తుంది. బావి గిలక మీద చేద తాడు నడిచినట్లే ఇది నడుస్తుంది. కట్టేముందు తల ఎత్తి చూడటం తప్పనిసరి: ఎత్తుతాడు ముందుమోకుకు చుట్టుకుని ఉంటే తెరచాప సగంలో ఆగిపోతుంది. మూడో మూలకు, అంటే వెనుక కింది మూలకు, రెండు దామన్లు కట్టి ఓడకు చెరొక పక్కనుంచి వెనక్కు తెస్తారు.

ఎత్తేటప్పుడు ఓడ ముక్కును గాలికి ఎదురుగా తిప్పి, దామన్లు వదులుగా విడుస్తారు. గాలి నిండని తెరచాప తేలికగా పైకి పోతుంది. దామను బిగించి ఉంచి ఎత్తబోతే గాలి నిండి, మనిషి బలం చాలదు, గుడ్డ చినుగుతుంది. చేతికి చేయి మార్చి తాడు లాగుతూ, బరువు తగలగానే విన్చ్ అనే రాట్నం మీద మూడు చుట్లు చుట్టి పిడితో తిప్పుతారు. చుట్లు ఎప్పుడూ గడియారపు ముల్లు తిరిగే వైపే. ఇంతటితో ఎత్తటం పూర్తయింది.

బిగించటం ఇక్కడ మొదలవుతుంది. గుడియాత్తం లుంగీల ఊరు కనుక మగ్గం తెలిసినవారికి దీన్ని వివరించటం సులభం. బట్టను పడుగు వెంట లాగితే పెద్దగా సాగదు. పేక వెంట లాగినా అంతే. రెండు ఎదురెదురు మూలలు పట్టి ఏటవాలుగా లాగితే మాత్రం సాగుతుంది, నడుమ మడతలు దేరుతుంది. త్రికోణపు తెరచాపను కుట్టేవారు సాధారణంగా వెనుకంచు నూలు వాటానికి సరిగా వచ్చేట్టు పలకలు అమరుస్తారు, ఎక్కువ బరువు అక్కడ పడుతుంది కనుక. అందువల్ల ముందంచు నూలుకు ఏటవాలుగా పడుతుంది. ఎత్తుతాడు బిగించినకొద్దీ ఆ అంచు సాగి, తెరచాప వంపులోని గుడ్డను ముందుకు లాగుతుంది.

ఇందులోనే కిటుకంతా ఉంది. గాలి పెరిగినప్పుడు గుడ్డ సాగి, తెరచాపలో అతి లోతైన చోటు వెనక్కు జరుగుతుంది. ఓడ ఒక పక్కకు ఒరుగుతుంది కాని వేగం పెరగదు, గాలికి దగ్గరగా పోనూ పోదు. అప్పుడు ఎత్తుతాడు బిగిస్తే ఆ లోతు మళ్ళీ ముందుకు వస్తుంది. ముందంచు నుంచి వెడల్పులో సుమారు 35, 40 శాతం దూరాన లోతు ఉండటం మేలని నావికుల అనుభవం. గాలి తగ్గినప్పుడు తాటిని కొంచెం వదలాలి. లేకపోతే తెరచాప బల్లపరుపై ఓడను లాగే సత్తువ కోల్పోతుంది.

చాలినంత బిగించామో లేదో గుడ్డే చెబుతుంది. కొక్కేనికీ కొక్కేనికీ నడుమ ముందంచు తోరణంలాగా వేలాడితే వదులు. ముందంచు నుంచి అడ్డంగా ముడతలు బయలుదేరినా వదులే; మరీ తక్కువ గాలిలో మాత్రం లీలగా కనిపించే ముడతలు ఉండనివ్వవచ్చు. ముందంచు పక్కనే దానికి సమాంతరంగా నిలువు మడత పడితే బిగువు ఎక్కువైంది. అయితే ఈ మడతను గాలి నిండాకే చూడాలి. గాలి నిండకముందు లీలగా ఉన్న నిలువు మడత, నిండాక మాయమైతే బిగువు సరిపోయినట్లు. మళ్ళీ బిగించవలసివస్తే ముందు దామనును కొంచెం వదిలి, తెరచాపలో బరువు తగ్గించి, ఆ తర్వాతనే విన్చ్ తిప్పాలి.

ముందుమోకు బిగువు కూడా చూసుకోవాలి. అది వంగి సడలితే తెరచాప ముందంచు కూడా వంగుతుంది. ఎత్తుతాడు ఎంత లాగినా ఫలితం ఉండదు. కొయ్యను వెనక్కు లాగే మోకును బిగిస్తే ముందుమోకు నిటారవుతుంది. పీచు, జనపనార మోకుల కాలంలో ఇది పెద్ద సమస్య. అవి తడిస్తే ఒక తీరు, ఆరితే మరొక తీరు. 19వ శతాబ్దిలో ఉక్కు తీగ మోకులు రావటం, 1950ల తర్వాత పాలియెస్టర్ గుడ్డ వ్యాపించటం ఈ పనిని సులభం చేశాయి. ఇప్పుడు చాలా యాట్‌లలో ముందు తెరచాపను దించనక్కరలేదు. ముందుమోకు చుట్టూ చాపలాగా చుట్టేస్తారు. ఏమైనా, పని ముగిశాక ఎత్తుతాటి బిగువును కొంత వదిలిపెట్టటం మంచి అలవాటు. లేకపోతే గుడ్డ శాశ్వతంగా సాగిపోతుంది.

ఈ జాగ్రత్తలన్నీ ఎందుకంటే, గాలి వేగం రెట్టింపైతే తెరచాప మీద పడే బలం నాలుగు రెట్లవుతుంది. 10 నాట్ల గాలిలో ఒక మనిషి చేత్తో పట్టుకున్న దామను 20 నాట్ల గాలిలో అదే మనిషి వేళ్ళను విన్చ్ మీద నలిపివేయగలదు.

మదరాసు రేవునుంచి తారిణి దాకా

మదరాసుకు కృత్రిమంగా ఓడరేవు ఏర్పడిన తర్వాత, 1911లో, పోర్ట్ ట్రస్ట్ అధ్యక్షుడు సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగ్ చొరవతో అక్కడ యాట్ క్లబ్బు వెలిసింది. అదే నేటి రాయల్ మద్రాస్ యాట్ క్లబ్బు. వేలూరునుంచి ఒక్క పూట ప్రయాణంలో ముందు తెరచాపను కళ్ళారా చూడదలచినవారికి చోటు అది. హైదరాబాదు హుస్సేన్‌సాగర్‌లో కూడా పడవ పందేలు జరుగుతాయి. 2009లో మొదలైన యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ పేద కుటుంబాల పిల్లలకు ఈ విద్య నేర్పుతూ వచ్చింది. పిల్లలు మొదట ఎక్కే ఆప్టిమిస్ట్ పడవకు ఒకే తెరచాప ఉంటుంది, జిబ్ ఉండదు. 420 వంటి ఇద్దరు నడిపే పడవకు మారినప్పుడు మొదటిసారి ముందు తెరచాప వారి చేతికి వస్తుంది.

వీటన్నిటికంటే పెద్ద ఉదాహరణ భారత నౌకాదళపు 'తారిణి'. గోవాలో కట్టిన ఈ తెరచాప నౌక 2017లో నౌకాదళంలో చేరింది. ఆరుగురు మహిళా అధికారులు దీనిమీద 2017 సెప్టెంబరు 10న గోవానుంచి బయలుదేరి, భూగోళాన్ని చుట్టి, 2018 మే 21న తిరిగివచ్చారు. 254 రోజులు, సుమారు 21,600 నాటికల్ మైళ్ళ ప్రయాణం అది. వర్తికా జోషి నాయకత్వం వహించిన ఆ బృందంలో విశాఖపట్నానికి చెందిన పి. స్వాతి, హైదరాబాదుకు చెందిన బి. ఐశ్వర్య ఉన్నారు. 2018 జనవరిలో వారు దక్షిణ అమెరికా కొసన ఉన్న హార్న్ అగ్రాన్ని దాటారు. 2024 అక్టోబరులో ఇదే నౌక మీద దిల్నా, రూప అనే ఇద్దరు అధికారిణులు మాత్రమే బయలుదేరి, 2025 మేలో ప్రదక్షిణం ముగించారు. రూపది పుదుచ్చేరి.

తారిణికి ప్రధాన తెరచాపతోపాటు ముందు తెరచాప, వెనుకగాలి తెరచాపలు, తుఫాను తెరచాప ఉన్నాయి. దక్షిణ సముద్రంలో గాలి ముదురుతున్నప్పుడు ఏ తెరచాప ఎంత ఉంచాలి, ఎంత బిగించాలి అన్న నిర్ణయం ఓడలోని అందరి ప్రాణాలకూ సంబంధించినది. మోటుపల్లి శాసనం ఎవరికి అభయమిచ్చిందో ఆ నావికులకు రాజు మాట తప్ప మరొక దిక్కు లేకపోయింది. తారిణి మీది తెలుగు అమ్మాయిలకు ఆ దిక్కు తమ చేతిలోని తాడే అయింది.

పదాలు సేకరించవలసిన పని

సాంకేతిక విషయాలను తెలుగులో చెప్పలేమన్న మాట తరచుగా వినిపిస్తుంది. పైన చేసిన వర్ణనలో మోకు, కప్పీ, కొక్కెం, దామను, ముందంచు, పడుగు, పేక అన్న మాటలతో ఎంతదూరం పోగలిగామో చదువరులే గమనించి ఉంటారు. విన్చ్ వంటి ఒకటి రెండు మాటలు అరువు తెచ్చుకున్నాం. కోరంగి కళాసీలు జిబ్‌ను తెచ్చుకున్నట్లే. భాషకు కొరత మాటల్లో లేదు, వాటిని సేకరించి ఒకచోట పెట్టటంలో ఉంది. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తి పదకోశాన్ని ఆరంభించినప్పుడు మొదటి సంపుటం (1962) వ్యవసాయానికి, రెండోది (1971) చేనేతకు కేటాయించింది. గుడియాత్తం మగ్గం ముందు కూర్చున్న మనిషి నోటిమాటకు శాస్త్రగౌరవం ఆ పద్ధతివల్ల దక్కుతుంది. తాటికీ తెరచాపకూ కూడా అదే గౌరవం దక్కాలి.

ఇంజన్లు వచ్చాక మన తీరంలో తెరచాప ఎత్తే చేతులు ఏటేటా తగ్గిపోతున్నాయి. చేతితోపాటు మాట కూడా పోతుంది. పులికాట్ ఒడ్డున తెలుగూ తమిళమూ రెండూ వినిపిస్తాయి. తెరచాప పడవలు నడిపిన వృద్ధులు అక్కడి ఊళ్ళలో ఇంకా ఉన్నారు. ముందంచును బిగించే తాటిని వారేమంటారు, గాలి మళ్ళినప్పుడు ఒకరికొకరు ఏమని కేకవేసుకునేవారు, ఏ మాట ఏ భాషనుంచి వచ్చింది అన్నవి పదిమంది విద్యార్థులు ఒక సెలవుల్లో సేకరించగలిగిన విషయాలు. రెండు భాషలూ తెలిసిన వేలూరు, గుడియాత్తం, నెమిలి విద్యార్థులు ఈ పనికి ఆంధ్రదేశంలోని విద్యార్థులకంటే కూడా తగినవారు. ఒక నోటుపుస్తకం, వినే ఓపిక ఉంటే చాలు. ఈ వేసవిలోనే మొదలుపెట్టవచ్చు.